మందుల సంచిలో రెండు స్టాటిన్లు: కండరాలు దెబ్బతిన్న ఒక కేసు, నర్సు వైపు నుంచి

నర్సింగ్ పాఠాల్లో కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల దగ్గర "కండరాల నొప్పి, అరుదుగా రాబ్డోమయోలైసిస్" అని ఒక్క లైను ఉంటుంది. రాబ్డోమయోలైసిస్ అంటే కండర కణాలు పగిలి, లోపలి పదార్థాలు రక్తంలో కలవడం. పరీక్షకు అది సరిపోతుంది. వార్డులో మాత్రం ఆ లైను ఎప్పుడు నిజమవుతుందో, ఎవరికి అవుతుందో, మన కళ్ల ముందు ఏ రూపంలో వస్తుందో తెలియాలి. అందుకే ఈ కేసు మొత్తం రాస్తున్నాను. పేషెంటును గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. మందుల లెక్కలు, జరిగిన క్రమం మాత్రం అలాగే ఉంచాను.

పేషెంటు 62 ఏళ్ల మహిళ. పల్నాడు వైపు పల్లె. సొంత పొలం కొంచెం, మిగతాది కూలి. షుగరు, బీపీ ఉన్నాయి. 8 నెలల కిందట గుండెపోటు వచ్చి, ఆరోగ్యశ్రీ కింద ఒక పెద్దాసుపత్రిలో స్టెంట్ వేశారు. అప్పటి ఎకోలో గుండె పంపింగ్ 45 శాతం. మా దగ్గరికి వచ్చింది మార్చిలో, మిరపకాయల కోతలు జోరుగా సాగుతున్నప్పుడు. వారం రోజులుగా తొడలు, పిరుదులు నొప్పి. రెండు రోజులుగా నడవలేకపోవడం. ఆ ఉదయం నుంచి మూత్రం సరిగా రావడం లేదు.

ఎండలో వంగి కాయలు కోసిన మనిషికి కాళ్లు నొప్పులంటే ఎవరికీ అనుమానం రాదు. ఇంట్లో వాళ్లకూ రాలేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర మూడు రోజులు నొప్పుల ఇంజెక్షన్ చేయించారు. అది డైక్లోఫెనాక్. నొప్పి తగ్గకపోగా నీరసం పెరిగింది.

అడ్మిషన్ అప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న నొప్పి గురించి కాదు. "పెద్దమ్మా, కింద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేవగలుగుతున్నావా?" అని అడిగాను.

"ఎక్కడ లేస్తానమ్మా, కోడలు చంకలో చెయ్యేసి లేపుతోంది. మొన్న బస్సు మెట్టు ఎక్కలేక దిగిపోయా" అంది.

ఈ ప్రశ్న ఎందుకో చెప్పాలి. "ఒళ్లు నొప్పులు ఉన్నాయా" అని అడిగితే అరవై దాటిన వాళ్లలో లేవని చెప్పేవాళ్లు తక్కువ. ఆ జవాబుతో మనం ఏమీ తేల్చలేం. స్టాటిన్ వల్ల వచ్చే కండరాల బాధ సాధారణంగా రెండు వైపులా ఉంటుంది. తొడలు, పిరుదులు, పిక్కలు, భుజాల లాంటి పెద్ద కండరాలను పడుతుంది. మందు మొదలుపెట్టిన కొద్ది వారాల్లోనో, డోసు పెంచాకో, కొత్త మందు తోడయ్యాకో వస్తుంది. మోకాలి కీలులో ఒకవైపు పోటు వస్తే అది వేరే సంగతి. నొప్పికి బలహీనత తోడైందంటే మాత్రం ఆగి చూడాలి. నేల మీద నుంచి లేవడం, బస్సు మెట్టు ఎక్కడం, తల దువ్వుకుంటుంటే చేతులు దిగిపోవడం, ఈ మూడూ అడిగితే బలహీనత బయటపడుతుంది.

రెండో ప్రశ్న మూత్రం రంగు. "టీ డికాషన్ లాగా ఉంది సిస్టర్, ఎండకు అనుకున్నాం" అని కోడలు చెప్పింది. కేథటర్ వేస్తే 60 మి.లీ. వచ్చింది, ముదురు గోధుమ రంగులో. డిప్‌స్టిక్‌లో రక్తం 3 ప్లస్. ల్యాబ్ మైక్రోస్కోపులో మాత్రం ఎర్ర రక్తకణాలు 0-2 మాత్రమే. స్ట్రిప్ రక్తం ఉందంటోంది, మైక్రోస్కోపు లేదంటోంది. అలా ఉన్నప్పుడు మయోగ్లోబిన్ గుర్తుకు రావాలి. కండర కణాలు పగిలి బయటకొచ్చిన ఈ ప్రొటీన్‌లోనూ హీమ్ ఉంటుంది కాబట్టి స్ట్రిప్ దాన్ని రక్తంగానే చూపిస్తుంది. డ్యూటీ డాక్టరుకు ఈ రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూపించాను. కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము సీకే, దాని పరీక్ష అప్పుడే వెళ్లింది.

రిపోర్టులు వచ్చాక పరిస్థితి ఇదీ. సీకే 38,400 యూనిట్లు. మామూలుగా 200 లోపు ఉండాల్సింది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 3.1. స్టెంట్ వేసినప్పటి కాగితంలో 1.0 ఉంది. పొటాషియం 6.4. కాల్షియం 7.6. ఎస్‌జీఓటీ 620, ఎస్‌జీపీటీ 210. ఈ రెండింటిని చూసి లివర్ దెబ్బతింది అనుకోవడం తేలిక. కానీ ఎస్‌జీఓటీ కండరంలోనూ దండిగా ఉంటుంది. బిలిరుబిన్ మామూలుగా ఉండి, సీకే ఆకాశాన్నంటితే అది కండరం నుంచి వచ్చిందే. ఈసీజీలో టీ వేవ్‌లు నిటారుగా, మొనదేలి ఉన్నాయి, పొటాషియం ఎక్కువైందనడానికి గుర్తు.

సంచిలో ఏముంది

కోడలు ఇంటి నుంచి మందుల సంచి తెప్పించింది. ప్లాస్టిక్ కవర్లో కత్తిరించిన స్ట్రిప్పు ముక్కలు. మన మెడికల్ షాపుల్లో పది రోజులకు కావాలంటే పది రోజులకు కత్తిరించి ఇస్తారు, పేరు ఒక ముక్కలో, డోసు ఇంకో ముక్కలో పోతుంది. కాబట్టి ముక్కలన్నీ బల్ల మీద పరిచి, పాత చీటీలు పక్కన పెట్టి, ఒక్కొక్కటి జత చేశాం. ఈ పని తీరిక ఉన్నప్పుడు చేసేది కాదు, మొదటి గంటలో చేయాల్సింది. ఆవిడ రోగానికి కారణం రక్తపరీక్షల్లో కాక ఆ కవర్లో దొరికింది.

మొదటిది అటోర్వాస్టాటిన్ 40 మి.గ్రా., రాత్రికి ఒకటి. స్టెంట్ వేసిన ఆసుపత్రి డిశ్చార్జి చీటీలో ఉంది. ఆవిడ భాషలో "కొవ్వు బిళ్ల".

రెండోది ఒక గొట్టం మాత్ర (క్యాప్సూల్). మూడు నెలల కిందట ఇంకో క్లినిక్‌లో రివ్యూకి వెళ్తే, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ విడివిడి బిళ్లలు తీసేసి "ఒక్క మాత్రలో అన్నీ వస్తాయి" అని రాసిచ్చారు. అందులో క్లోపిడోగ్రెల్ 75, ఆస్పిరిన్ 75, అటోర్వాస్టాటిన్ 20 ఉన్నాయి. పాత కొవ్వు బిళ్ల ఆపమని ఎవరూ చెప్పలేదు. ఆవిడ దృష్టిలో గొట్టం "రక్తం పలచబడే మాత్ర", తెల్ల బిళ్ల "కొవ్వు బిళ్ల". రెండింటిలోనూ ఒకే మందు ఉందని ఆవిడకు తెలిసే దారి లేదు. అలా మూడు నెలలుగా రోజుకు 60 మి.గ్రా. పడుతోంది. గుండెపోటు వచ్చినవాళ్లకు 80 దాకా ఇస్తారు కాబట్టి 60 అనేది అంకెగా ప్రమాదం కాదు. తెలియకుండా పడుతోందన్నదే ప్రమాదం.

మూడోది కడుపులో మంటకు ఎండోస్కోపీ చేసి ఇచ్చిన పైలోరి కిట్, అంటే హెచ్. పైలోరి అనే కడుపు బ్యాక్టీరియాకు ఇచ్చే మందుల కట్ట. 14 రోజుల కోర్సులో 10 రోజులు అయిపోయాయి. అందులో యాంటీబయాటిక్ క్లారిత్రోమైసిన్ 500 మి.గ్రా., రోజుకు రెండుసార్లు. నొప్పులు మొదలైంది కిట్ మొదలుపెట్టిన మూడు నాలుగు రోజులకు.

ఇక్కడ ఫార్మకాలజీ కొంచెం విడమరచాలి. స్టాటిన్లు కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీకి ఆయువుపట్టైన హెచ్‌ఎంజీ కోఏ రిడక్టేజ్ ఎంజైమును ఆపుతాయి. లోపల కొలెస్ట్రాల్ తగ్గేసరికి కాలేయ కణాలు తమ పైపొర మీద ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) గ్రాహకాలను పెంచుకుని, రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ను లోపలికి లాక్కుంటాయి. పని చేయాల్సిన చోటు కాలేయం. మందు రక్తంలో మోతాదుకు మించి పేరుకుంటే కండరాలకు ఎక్కువగా చేరుతుంది. అటోర్వాస్టాటిన్, సిమ్వాస్టాటిన్, లోవాస్టాటిన్ మూడింటినీ శరీరం నుంచి తీసేసే పని ఎక్కువగా సిప్ 3ఏ4 అనే ఎంజైముది. క్లారిత్రోమైసిన్ ఆ ఎంజైమును గట్టిగా ఆపేస్తుంది. కాలువలో నీళ్లు పారుతుండగానే కింద తూము మూసేస్తే పొలం మునుగుతుంది కదా, అదే జరిగింది. డోసు పెరగలేదు, బయటికి పోయే దారి మూసుకుపోయింది. క్లారిత్రోమైసిన్‌తో కలిపినప్పుడు రక్తంలో అటోర్వాస్టాటిన్ మొత్తం సుమారు నాలుగున్నర రెట్లు అయినట్టు మందు లేబుల్‌లోనే ఉంది. అందుకే ఈ జంట తప్పనిసరైతే అటోర్వాస్టాటిన్ రోజుకు 20 మి.గ్రా. దాటకూడదని అదే లేబుల్ చెబుతుంది. సిమ్వాస్టాటిన్‌తో అయితే క్లారిత్రోమైసిన్ అసలు ఇవ్వకూడదు.

ఎరిత్రోమైసిన్, ఇట్రాకొనజోల్, కీటోకొనజోల్, హెచ్‌ఐవీ మందుల్లో రిటోనవిర్, బీపీ మందుల్లో వెరాపమిల్, డిల్టియాజెమ్, కిడ్నీ మార్పిడి వాళ్లకు ఇచ్చే సైక్లోస్పోరిన్, ఇవన్నీ ఎక్కువ తక్కువగా ఇదే బాపతు. అజిత్రోమైసిన్ ఆ ఎంజైమును చెప్పుకోదగ్గంతగా ఆపదు. తామరకు ఇట్రాకొనజోల్ నెలల తరబడి వాడటం మన దగ్గర చాలా మామూలైపోయింది. గుండె మందులు వాడేవాళ్లను "చర్మానికి ఏమైనా మింగుతున్నారా" అని ప్రత్యేకంగా అడగాలని నా గట్టి అభిప్రాయం. గుండె డాక్టరుకు చర్మం మందు సంగతి చెప్పాలని పేషెంటుకు తోచదు.

సంచిలోని ఆ మూడింటికీ ఎండలో పని, చాలీచాలని నీళ్లు, బీపీకి వాడుతున్న రామిప్రిల్, వాటి మీద డైక్లోఫెనాక్ తోడయ్యాయి. కండరాలు కరిగి మయోగ్లోబిన్ కిడ్నీల మీద పడుతున్న సమయంలోనే కిడ్నీకి రక్తప్రసారం తగ్గించేవన్నీ ఒకచోట చేరాయి.

ఆ రాత్రి వార్డులో

డాక్టరు ఆర్డర్లో స్టాటిన్, క్లారిత్రోమైసిన్, డైక్లోఫెనాక్, రామిప్రిల్ ఆపమని ఉంది. క్రియాటినిన్ పెరిగింది కాబట్టి మెట్‌ఫార్మిన్ కూడా ఆపి, షుగరును ఇన్సులిన్‌తో చూడమన్నారు. ఆ వరుసలోనే "కాంబినేషన్ క్యాప్సూల్ ఆపాలి" అని ఉంది.

నేను ఈ కేసు రాయడానికి అసలు కారణం ఈ ఒక్క లైను. గొట్టం ఆపితే స్టాటిన్ ఆగుతుంది, నిజమే. దాంతోపాటే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కూడా ఆగిపోతాయి. స్టెంట్ వేసి 8 నెలలైన మనిషికి ఈ రెండూ ఒకేసారి ఆగితే స్టెంట్‌లో గడ్డ కట్టే ప్రమాదం ఉంది. కండరాల సమస్య నుంచి బయటపడి గుండెపోటుతో పోయే పరిస్థితి అది. ఫోన్ చేసి, "సార్, గొట్టం ఆపేస్తున్నాం, అందులోని ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75 విడిగా రాయండి" అని అడిగాను. వెంటనే రాశారు. ఆ రాత్రి డోసు తప్పకుండా పడింది. కలిపి చేసిన మాత్ర ఆపమన్నప్పుడల్లా లోపల ఉన్న ఒక్కో మందు పేరు చదివి, ఆపేదేది, కొనసాగించేదేది అని విడివిడిగా అడగడం నర్సు పని. ఫైలులో మాత్ర పేరు కాక మందుల పేర్లు రాస్తే ఈ చిక్కు సగం తగ్గుతుంది.

అన్నిటికంటే ముందు చూడాల్సింది పొటాషియం. మానిటర్ పెట్టి, 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ. నెమ్మదిగా ఇచ్చాం. ఇది పొటాషియాన్ని తగ్గించదు, గుండెను కాపాడుతుంది, అంతే. తర్వాత రెగ్యులర్ ఇన్సులిన్ 10 యూనిట్లు, 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 మి.లీ.తో. కిడ్నీ పనిచేయని మనిషిలో ఇన్సులిన్ ఎక్కువసేపు నిలబడుతుంది, కాబట్టి ఆరు గంటల పాటు గంటగంటకు షుగరు చూశాం. నాలుగో గంటలో 74కి దిగింది, మళ్లీ డెక్స్‌ట్రోజ్ పట్టింది. రాబ్డోమయోలైసిస్‌లో కాల్షియం తక్కువ కనిపించినా, ఈసీజీ మార్పులో, తిమ్మిర్లు, కొంకర్లో లేకపోతే దాన్ని నింపే ప్రయత్నం చేయకూడదు. కోలుకునేటప్పుడు కండరాల్లోకి వెళ్లిన కాల్షియం తిరిగి వచ్చి ఎక్కువైపోతుంది.

సెలైన్ దగ్గర నిజమైన ఇబ్బంది వచ్చింది. మయోగ్లోబిన్ కిడ్నీ గొట్టాల్లో గడ్డకట్టకుండా కొట్టుకుపోవాలంటే నార్మల్ సెలైన్ బాగా ఎక్కించాలి, మూత్రం గంటకు 200 మి.లీ. దాకా రావాలి. ఈవిడ గుండె పంపింగ్ 45 శాతమే. ఎక్కువ పోస్తే ఊపిరితిత్తుల్లో నీరు, తక్కువ పోస్తే డయాలసిస్. మొదట 500 మి.లీ. చొప్పున రెండుసార్లు, ప్రతిసారీ ఊపిరితిత్తులు విని, తర్వాత గంటకు 200 చొప్పున పెట్టారు. గంటగంటకు మూత్రం కొలత, రంగు, శ్వాస రేటు, ఆక్సిజన్, మెడ నరం రాశాం. తెల్లవారుజామున ఆక్సిజన్ 96 నుంచి 92కి తగ్గి, ఊపిరితిత్తుల అడుగున చిటపట శబ్దాలు వినిపించాయి. సెలైన్ వేగం తగ్గించి, డాక్టరు ఒంట్లో నీరు బయటికి పంపే ఫ్రూసెమైడ్ ఇచ్చారు. ఉదయానికి మూత్రం గంటకు 150 మి.లీ. దాటింది, రంగు తేలికపడింది. ఇంటేక్-అవుట్‌పుట్ చార్టును షిఫ్టు చివర్లో ఒకేసారి నింపే అలవాటు ఎక్కడైనా ఉంటే, ఇలాంటి కేసులో అది ప్రాణం తీస్తుంది.

ఇంకో రెండు విషయాలు. తొడలు, పిక్కలు గట్టిపడుతున్నాయా, పాదం నాడి అందుతోందా అని ప్రతి షిఫ్టులో చూశాం, టేపుతో చుట్టుకొలత రాశాం. కండరం వాచి దాని గదిలోనే నొక్కుకుపోతే ఆపరేషన్ దాకా వెళ్తుంది. కండరంలోకి చేసే ఇంజెక్షన్లు పూర్తిగా ఆపాం. అవి సీకేను కొంత పెంచి లెక్క తప్పిస్తాయి. నొప్పికి పారాసెటమాల్ మాత్రమే.

రెండో రోజు సీకే 46,000కి వెళ్లి, అక్కడి నుంచి దాదాపు రోజుకు సగం చొప్పున తగ్గింది. క్రియాటినిన్ మూడో రోజు 4.2 దాకా వెళ్లి ఆగింది. డయాలసిస్ అవసరం రాలేదు. డిశ్చార్జి నాటికి క్రియాటినిన్ 1.4. కర్ర పట్టుకుని బాత్రూమ్‌కి సొంతంగా నడిచింది.

మధ్యలో తేలిన ఇంకో సంగతి థైరాయిడ్. గొంతు బొంగురు, కనురెప్పల వాపు, పొడి చర్మం, మలబద్ధకం ఉన్నాయని రౌండ్లో చెప్పాను. థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ 31, టీ4 తక్కువ, అంటే థైరాయిడ్ సరిగా పనిచేయడం లేదు. థైరాయిడ్ తగ్గితే కొలెస్ట్రాల్ దానంతటదే పెరుగుతుంది. అదే థైరాయిడ్ లోపం స్టాటిన్ వాడేవాళ్లలో కండరాలు దెబ్బతినే ముప్పునూ పెంచుతుంది. అందుకే స్టాటిన్ మొదలుపెట్టే ముందు ఒకసారి, కండరాల బాధ చెప్పినప్పుడు మరోసారి టీఎస్‌హెచ్ చూడటం మంచిది. గుండె జబ్బు ఉంది కాబట్టి లెవోథైరాక్సిన్ 25 మైక్రోగ్రాములతో నెమ్మదిగా మొదలుపెట్టారు.

మళ్లీ కొలెస్ట్రాల్ మందు మొదలుపెట్టడం

కోడలు డిశ్చార్జి రోజు స్పష్టంగా చెప్పింది. "ఇంక ఆ కొవ్వు బిళ్ల మా అత్తమ్మకు వద్దు సిస్టర్. ఊళ్లో అందరికీ అదే చెప్తాను."

ఆ భయంలో న్యాయం ఉంది. కానీ ఆ మాట ఊరంతా పాకితే ఇంకో ఇంట్లో ఇంకెవరో బిళ్ల మానేస్తారు. వాళ్లకు గుండెపోటు వస్తే దానికి స్టాటిన్‌ను ఎవరూ తప్పుపట్టరు, తలరాత అంటారు. రాబ్డోమయోలైసిస్ చాలా అరుదు, లక్షల్లో కొద్దిమందికి. మామూలు ఒళ్లు నొప్పుల సంగతికొస్తే, 2020లో వచ్చిన సామ్సన్ అనే బ్రిటన్ అధ్యయనంలో, దుష్ప్రభావాల వల్ల స్టాటిన్ మానేసినవాళ్లకు కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు మందులేని ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏదీ ఇవ్వకుండా చూశారు. స్టాటిన్‌తో వచ్చిన బాధలో దాదాపు 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చింది. నొప్పి అబద్ధమని దీనర్థం కాదు. నొప్పి నిజం, కారణం చాలాసార్లు మందు కాదు. ఈవిడ విషయంలో కారణం మందే, కాకపోతే మందు ఒక్కటే కాదు. కోడలికి బల్ల మీద అదే మూడు స్ట్రిప్పులు పెట్టి చూపించాను. "ఈ రెండూ ఒకటే మందు. ఈ మూడోది వచ్చి వాటిని బయటికి పోనివ్వలేదు" అని. తర్వాత ఆమెనే తిరిగి చెప్పమన్నాను. చెప్పింది.

ఇలాంటి సందర్భంలో ఏ దారులున్నాయో నర్సుకు తెలిసి ఉండాలి. ఎజెటిమైబ్ 10 మి.గ్రా. పేగులో కొలెస్ట్రాల్ పీల్చుకోవడాన్ని ఆపుతుంది. ఒక్కటే వాడితే ఎల్‌డీఎల్‌ను సుమారు 18 శాతం తగ్గిస్తుంది, తిండితో నిమిత్తం లేదు. ఫైబ్రేట్లు ప్రధానంగా ట్రైగ్లిజరైడ్ల మందు. వీటిలో జెమ్‌ఫైబ్రోజిల్‌ను స్టాటిన్‌తో కలపకూడదు, 2001లో సెరివాస్టాటిన్‌ను మార్కెట్ నుంచి తీసేయడానికి దారితీసిన మరణాల్లో ఆ జంట కూడా ఉంది. కొలెస్టైరమిన్ పొడి మిగతా మందులను పట్టేసుకుంటుంది, వాటిని గంట ముందో, నాలుగు గంటల తర్వాతో ఇవ్వాలి. థైరాక్సిన్ వాడే ఈవిడకు అదొక తలనొప్పి. నయాసిన్ ఇప్పుడు దాదాపు వాడకంలో లేదు. ఎవోలోక్యుమాబ్, అలిరోక్యుమాబ్ రెండు వారాలకోసారి చర్మం కింద వేసే ఇంజెక్షన్లు, ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల్లో ఉంచాలి. బాగా పనిచేస్తాయి, కూలి చేసుకునే ఇంటికి ఖర్చు అందదు. బెంపెడోయిక్ యాసిడ్ కాలేయంలో మాత్రమే చురుకవుతుంది, కండరంలో కాదు. అయితే యూరిక్ యాసిడ్ పెంచుతుంది, గౌట్ ఉందా అని అడగాలి.

ఆరు వారాల తర్వాత రివ్యూలో సీకే 140, క్రియాటినిన్ 1.1. మందు లేకుండా ఎల్‌డీఎల్ 168. కార్డియాలజిస్ట్ ముందు ఎజెటిమైబ్ ఒక్కటే రాశారు, థైరాయిడ్ దారికి వచ్చేదాకా ఆగారు. టీఎస్‌హెచ్ 4.1కి వచ్చేసరికి ఎల్‌డీఎల్ 124. అప్పుడు రోసువాస్టాటిన్ 5 మి.గ్రా., మొదట రోజు విడిచి రోజు. ఇది సిప్ 3ఏ4 మీద పెద్దగా ఆధారపడదు. అయితే భారతీయులతో సహా ఆసియా వాళ్ల రక్తంలో ఇది దాదాపు రెట్టింపు చేరుతుందని తేలింది, అందుకే 5తో మొదలు. ఆవిడ కడుపు మంటకు తాగే అల్యూమినియం, మెగ్నీషియం సిరప్ రోసువాస్టాటిన్‌ను సరిగా ఒంటబట్టనివ్వదు, బిళ్ల వేసుకున్నాక రెండు గంటలు ఆగి తాగాలి. అందుకని తెల్లవారి పరగడుపున థైరాయిడ్ బిళ్ల, మధ్యాహ్నం సిరప్, రాత్రి కొవ్వు బిళ్లలు అని సర్దాం. పైలోరి చికిత్స మళ్లీ కావాల్సి వస్తే క్లారిత్రోమైసిన్ లేని కోర్సు రాయాలని ఫైలు మీద ఎర్ర సిరాతో ఉంది.

కోడలి ఫోన్లో మందుల ఫొటో ఒకటి ఉంచాం, పూర్తి స్ట్రిప్పులతో. ఏ డాక్టరు దగ్గరికెళ్లినా, ఏ షాపుకెళ్లినా ముందు ఆ ఫొటో చూపించాలి. డికాషన్ రంగు మూత్రం వస్తే, నేల మీద నుంచి లేవలేకపోతే, ఆ రాత్రి కొవ్వు బిళ్ల ఆపి వెంటనే రావాలి. రక్తం పలచబడే మాత్రలు మాత్రం ఆపకూడదు.

మొన్నటి రివ్యూలో సీకే 155, ఎల్‌డీఎల్ 82. ఈవిడ లాంటి వాళ్లకు 70 లోపు, వీలైతే 55 లోపు ఉండాలి. రోసువాస్టాటిన్ రోజూ ఇవ్వాలా, బెంపెడోయిక్ యాసిడ్ కలపాలా అన్నది వచ్చే నెల తేలుతుంది. ఈలోపు సీజన్ వస్తే మళ్లీ కోతకు వెళ్తానంటోంది. ఉదయం పూట మాత్రమే, నీళ్ల సీసాతో అయితే వెళ్లమని డాక్టరు ఒప్పుకున్నారు.